విద్యుత్తు బిల్లులోని రెండు లెక్కలు

మాసాంతమున విద్యుత్తు బిల్లు చేతికి వచ్చినతోడనే గృహిణులు మొదట చూచునది యూనిట్ల సంఖ్య. కాని యా కాగితముననే మరియొక చిన్న యంకె కలదు. తెలుగునాట బిల్లులలో దానిని సాధారణముగా ఆర్.ఎం.డి. యని సూచింతురు. నమోదయిన గరిష్ఠ డిమాండు అని దాని యర్థము. ఇది యెరుగకున్నచో గృహవ్యయము తెలియకయే పెరుగవచ్చును గనుక, దీనినిగూర్చి సోదరీమణులకు కొంత విన్నవింప దలచినాము.

యూనిటు వేరు, డిమాండు వేరు. మొత్తము మీద ఎంత విద్యుత్తు వాడితిమో యూనిట్లు చెప్పును. ఒక్క వేళలో ఎంత వాడితిమో డిమాండు చెప్పును. దీనిని కిలోవాట్లలో కొలుతురు. ఏడాదికి చెల్లు బియ్యము యూనిట్లవంటిది. పెండ్లినాడు పొయ్యి కెక్కించు గుండిగ డిమాండువంటిది. ఒక్కనాటి వంటకే యైనను అంత గుండిగయు కావలసినదే గదా! అట్లే తీగెలను, ట్రాన్స్‌ఫార్మరులను జనులెల్లరు ఒక్కసారి వాడు వేళకు చాలునట్లు అమర్పవలసి యుండును.

ఈ న్యాయమును 1892లో ఆంగ్లదేశపు ఇంజనీరు జాన్ హాప్కిన్సన్ వివరించి, రెంటికిని వేర్వేరుగా వెల కట్టవలెనని వాదించెను. కొలదికాలమునకే బ్రైటన్ పట్టణమున ఆర్థర్ రైట్ అను నాతడు గరిష్ఠమును చూపు గాజుగొట్టపు సాధనమును నిర్మించెను. విద్యుత్తు వేడికి గాలి యుబ్బి ద్రవమును ప్రక్కగొట్టములోనికి పొరలించును. పొరలినది తిరిగి పోదు. దాని మట్టమే గరిష్ఠమునకు గురుతు.

నేటి ఎలక్ట్రానిక్ మీటరు కాలమును అర్ధగంటలుగనో పావుగంటలుగనో ఖండించుకొనును. ఒక్కొక్క ఖండమున ఖర్చయిన యూనిట్లను ఆ ఖండకాలముచే భాగించును. అర్ధగంటయైనచో యూనిట్లను రెట్టించిన చాలును. ఇట్లు వచ్చిన సగటులలో ఆ మాసమున కెల్ల పెద్దదే గరిష్ఠ డిమాండు.

ఉదాహరణము చూతము. గీజరు 2 కిలోవాట్లు, ఇస్త్రీపెట్టె 1, నీటి మోటారు 1 కిలోవాటు లాగు ననుకొందము. మూడును ఒకే యర్ధగంట నడచిన 2 యూనిట్లు ఖర్చగును; డిమాండు 4 కిలోవాట్లు. ఒకదాని తరువాత నొకటిగా మూడు అర్ధగంటలలో నడపిన యూనిట్లు ఆ రెండే, డిమాండు మాత్రము 2 కిలోవాట్లే.

మోటారు కదలునప్పుడు విద్యుత్తు మిక్కుటముగా లాగును గదా, దానివలన డిమాండు పెరుగదా యని కొందరి సందేహము. అది రెండు సెకండ్ల పాటు 5 కిలోవాట్లు అధికముగా లాగినను, అర్ధగంటకు సగటు చూచిన ఆ హెచ్చు 6 వాట్లయిన నుండదు. కనుక వెరవ నక్కరలేదు.

ఈ లెక్కను స్వయముగా సరిచూచుకొనవచ్చును. మీటరుమీద మినుకుమను ఎఱ్ఱదీపము యూనిటుకు ఎన్నిమారులు వెలుగునో దానిమీదనే ముద్రించి యుందురు. ఆ సంఖ్య 3200 అయినచో, అర్ధగంటలో 6400 మారులు వెలిగిన 2 యూనిట్లు. అనగా 4 కిలోవాట్ల డిమాండు.

మన ప్రాంతమున ఇండ్లకు స్థిరరుసుము మంజూరయిన లోడునుబట్టి యుండును. డిమాండు దానిని మించుచు వచ్చిన, లోడును పెంచి అదనపు సొమ్ము అడుగుట కలదు. స్మార్టు మీటరున్న యిండ్ల విషయమున 2023లో కేంద్రప్రభుత్వము సవరించిన వినియోగదారుల హక్కుల నియమములు కొంత రక్షణ కల్పించినవి. మించిన మాసపు బిల్లు ఆ డిమాండు ననుసరించియే యుండును; కాని ఒక ఆర్థికసంవత్సరమున కనీసము మూడుమారులు మించిననే లోడును పెంచవలెను. అదియు మించిన మాసములలో మిక్కిలి తక్కువ యంకెనుబట్టియే.

కావున బిల్లు వచ్చినప్పుడు ఆర్.ఎం.డి.ని మంజూరయిన లోడుతో పోల్చి చూచుకొనవలెను. రెండును దగ్గర దగ్గరగా నున్నచో, గీజరు ఆపిన పిదప మోటారును, మోటారు ఆపిన పిదప ఇస్త్రీపెట్టెను పెట్టుకొనిన పని యేదియు మానకయే వ్యయము అదుపులో నుండును.