కుక్క విషం తిన్నదా? చింతపండు రసం మాత్రం పోయకండి.. మొదటి అరగంటలో చేయాల్సింది ఇదే!

విస్సన్నపేట (ఎన్టీఆర్ జిల్లా): తెల్లారి తోటకెళ్లేసరికి కాపలా కుక్క లేవట్లేదు. నోటి నుంచి చొంగ కారుతోంది, కాళ్లు వణుకుతున్నాయి. షెడ్డు పక్కన చిరిగిన మందు సంచి. వెంటనే ఒకరు చింతపండు రసం పిసుకుతారు, ఇంకొకరు ఉప్పునీళ్లు కలుపుతారు, మరొకరు పాలగ్లాసుతో పరిగెత్తుకొస్తారు. నలుగురు పట్టుకుని నోరు తెరిచి పోసేసరికి అరగంట అయిపోతుంది. ఆ అరగంటలోనే కుక్కను కాపాడుకునే అవకాశం ఎక్కువ. పోసినదేమో చాలాసార్లు విషం కంటే ముందే దాన్ని చంపేస్తుంది.

మామిడి తోటలు, వరి, పత్తి చేలతో నిండిన విస్సన్నపేట, తిరువూరు, నూజివీడు పల్లెల్లో కుక్క లేని తోట దాదాపు ఉండదు. పురుగు మందులు, ఎలుకల మందు లేని షెడ్డూ ఉండదు. ఈ రెండూ ఒకేచోట ఉన్నప్పుడు ఏదో ఒక రోజు ఈ పరిస్థితి రావొచ్చు. మరి అప్పుడేం చేయాలి?

ముందు నోట్లో ఏమీ పోయొద్దు

కుక్కను ఆ వస్తువు దగ్గర్నుంచి పక్కకు లాగాలి. మిగిలింది మళ్లీ తినకుండా, ఇంట్లోని మరో కుక్కో పిల్లో ముట్టుకోకుండా చూడాలి. నోటి బయట అంటుకుని ఉంటే తడిగుడ్డతో తుడవాలి. ఆ తర్వాత ఫోన్ తీసి డాక్టర్‌కు చేయాలి. చెప్పాల్సినవి నాలుగే: ఏం తిన్నది, సుమారు ఎంత తిన్నది, ఎప్పుడు తిన్నది, కుక్క బరువెంత.

వీటన్నిటికంటే విలువైనది ఆ ప్యాకెట్. డబ్బా, సీసా, చిరిగిన సంచి.. ఏది దొరికితే అది వెంట తీసుకెళ్లాలి. ‘ఏదో పురుగుల మందు’ అంటే డాక్టర్‌కు చికిత్స తెలియదు. లేబుల్ మీద మందు పేరు కనిపిస్తే విరుగుడు ఉందో లేదో క్షణంలో తేలిపోతుంది. ప్యాకెట్ దొరక్కపోతే కుక్క కక్కినదాన్ని కవర్లో వేసుకెళ్లాలి, ఫోన్‌లో ఫొటో అయినా తీయాలి. చేతికి గ్లౌజు లేకపోతే పాలిథిన్ కవర్ తొడుక్కుంటే చాలు.

ఇంతకీ చింతపండుతో తప్పేంటి?

మనుషులకు వాంతి చేయించడానికి పల్లెల్లో చింతపండు రసం పోయడం పాత అలవాటు. అదే పద్ధతి కుక్కకూ వాడేస్తుంటారు. కానీ చింతపండే కుక్కకు విషం! ద్రాక్ష, ఎండుద్రాక్ష తిన్న కుక్కలకు కిడ్నీలు దెబ్బతింటాయని పశువైద్యులకు చాలా ఏళ్లుగా తెలుసు. కారణం మాత్రం అంతుపట్టలేదు. వాటిలో ఉండే టార్టారిక్ ఆమ్లమే కారణం కావచ్చని అమెరికాలోని పశు విషశాస్త్ర నిపుణులు గుర్తించారు. చింతపండు, క్రీమ్ ఆఫ్ టార్టార్ తిన్న కుక్కల్లోనూ అలాగే కిడ్నీలు దెబ్బతిన్న కేసులను 2022లో ప్రచురించారు. చింతపండు పులుపులో ప్రధానంగా ఉండేది ఈ ఆమ్లమే. అంటే ఒక విషం తిన్న కుక్కకు మందు పేరుతో రెండోది పోస్తున్నట్టే.

ఉప్పునీళ్లదీ అదే కథ. వాంతి కాకుండా ఉప్పు లోపలే ఉండిపోతే రక్తంలో సోడియం ఒక్కసారిగా పెరిగి, మెదడు మీద ప్రభావం పడి ఫిట్స్ వస్తాయి. చిన్న కుక్కకైతే నాలుగైదు టీ స్పూన్ల ఉప్పు కూడా ప్రాణం మీదకు తేగలదు. సబ్బునీళ్లు, పేడనీళ్లు ఊపిరితిత్తుల్లోకి వెళితే న్యుమోనియా ఖాయం. వణుకుతున్న, సగం స్పృహలో ఉన్న కుక్క సరిగ్గా మింగలేదు కాబట్టి బలవంతంగా పోసింది అటే వెళ్లే ప్రమాదం ఎక్కువ.

పాలు, నెయ్యి, పచ్చిగుడ్డు ‘విషాన్ని విరుస్తాయి’ అనేది ఇంకో నమ్మకం. కొన్ని ఎలుకల మందుల విషయంలో ఇది పూర్తిగా రివర్స్. కొవ్వులో కరిగే పసుపు భాస్వరం పాలూ నెయ్యీ తోడైతే ఒంట్లోకి ఇంకా తేలిగ్గా ఎక్కుతుంది.

ఇంటర్నెట్‌లో వెతికితే హైడ్రోజన్ పెరాక్సైడ్ తాగించమని విదేశీ వీడియోలు కనిపిస్తాయి. వాళ్లు చెప్పేది 3 శాతం ద్రావణం గురించి, అదీ డాక్టర్ ఫోన్‌లో చెప్పిన మోతాదులో. మన మందుల షాపుల్లో సాధారణంగా అమ్మేది 6 శాతం. దాన్ని పోస్తే అన్నవాహిక, కడుపు లోపలి పొర కాలిపోతాయి. వాంతి చేయించాలా వద్దా అన్నది డాక్టరే తేల్చాలి. తిన్న తర్వాత గంట, రెండు గంటల లోపైతేనే దానివల్ల లాభం. కిరోసిన్, పెట్రోల్, యాసిడ్, ఫినాయిల్ తాగిన కుక్కకు, ఫిట్స్ వస్తున్న కుక్కకు అసలు వాంతి చేయించకూడదు. ముక్కు చప్పిడిగా ఉండే పగ్ లాంటి జాతులకూ రిస్కే.

చొంగ కారితే పిచ్చి కుక్కేనా?

పురుగుల మందుల్లో ఎక్కువగా కనిపించేవి క్లోరోపైరిఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్లు. ఇవి ఒంట్లోకి వెళితే నరాలకు బ్రేక్ పోయినట్టవుతుంది. చొంగ, కన్నీళ్లు, మూత్రం, విరేచనాలు ఆగవు. కంటిపాప సూదిమొనంత అవుతుంది. కండరాలు అదురుతాయి, ఊపిరి ఆడదు. దీనికి విరుగుడు ఉంది. అట్రోపిన్ ఇంజెక్షన్, అవసరాన్ని బట్టి ప్రాలిడాక్సిమ్. టైమ్‌కు పడితే చచ్చిపోయిందనుకున్న కుక్క కూడా లేచి కూర్చున్న సందర్భాలున్నాయి. మందు ఒంటి మీద పడి ఉంటే గ్లౌజులు వేసుకుని సబ్బుతో కడగాలి, లేకపోతే చర్మం నుంచీ లోపలికి వెళ్తూనే ఉంటుంది. ఫోరేట్ గుళికలు 2020 డిసెంబర్ 31 నుంచి దేశంలో నిషేధం. అయినా పాత సంచుల్లో మిగిలినవి షెడ్డు మూలన పడి ఉంటే అవీ ఇంతే ప్రమాదం.

ఇక్కడే ఊళ్లలో ఒక పెద్ద పొరపాటు జరుగుతుంది. చొంగ కారుస్తూ తూలుతున్న కుక్కను చూడగానే ‘పిచ్చెక్కింది’ అని కర్రలు తీస్తారు. అరగంట ముందు వరకు మామూలుగా ఉండి, హఠాత్తుగా ఇలా మారితే ముందు అనుమానించాల్సింది విషాన్నే. అలాగని నిర్లక్ష్యమూ పనికిరాదు. టీకా వేయించని కుక్క, ఏం తిన్నదో తెలియదు, నీళ్లు కూడా మింగలేకపోతోంది అంటే రేబిస్ కూడా కావచ్చు. అందుకే నోట్లో చేయి పెట్టకూడదు. దుప్పటిలో చుట్టి ఎత్తాలి. చొంగ గాయానికి తగిలినా, పన్ను గీరుకున్నా 15 నిమిషాలు సబ్బుతో కడిగి అదే రోజు ఆస్పత్రికెళ్లి టీకా మొదలుపెట్టాలి.

ఎలుకల మందు: పేరు ఒకటే, విషాలు మూడు

‘ఎలకల మందు తిన్నది సార్’ అంటే డాక్టర్ మళ్లీ అడిగే ప్రశ్న.. ‘ఏ ఎలుకల మందు?’

పొలాల్లో నూకలకు నూనె పట్టించి కలిపే నల్లటి పొడి జింక్ ఫాస్ఫైడ్. 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు మందు అన్న లెక్క రైతులకు తెలిసిందే. ఆ నూనె వాసనకే కుక్క వస్తుంది. కడుపులోని ఆమ్లం తగలగానే ఈ పొడి నుంచి ఫాస్ఫీన్ అనే గ్యాస్ పుడుతుంది. ‘పాపం ఏమీ తినలేదు’ అని అన్నం పెడితే ఆమ్లం ఇంకా ఊరి గ్యాస్ ఎక్కువవుతుంది. కాబట్టి ఈ కేసులో ముద్ద కూడా పెట్టకూడదు. కుక్క కక్కితే వెల్లుల్లి, కుళ్లిన చేప లాంటి వాసన వస్తుంది. ఆ గ్యాస్ మనుషులకూ విషమే. ఆటోలోనో కారులోనో తీసుకెళ్తుంటే అద్దాలన్నీ దించే ఉంచాలి. దీనికి ప్రత్యేక విరుగుడు లేదు. కడుపు శుభ్రం చేసి, సెలైన్‌తో నిలబెట్టడమే చికిత్స.

ట్యూబులో వచ్చే పేస్ట్ పసుపు భాస్వరం. ఇది మోసం చేస్తుంది. మొదట వాంతులు, తర్వాత ఒకటి రెండు రోజులు కుక్క తేరుకున్నట్టే కనిపిస్తుంది. ‘గట్టిది, తట్టుకుంది’ అని ఇంటికి తెచ్చేసుకుంటారు. ఆ తర్వాతే కాలేయం చేతులెత్తేస్తుంది.

రంగు రంగుల బిళ్లలుగా దొరికేది ఎక్కువగా బ్రోమాడియోలోన్. తిన్న రోజు ఏమీ ఉండదు, మర్నాడు కూడా హాయిగా తిరుగుతుంది. 3 నుంచి 5 రోజులకు రక్తం గడ్డకట్టడం ఆగిపోయి చిగుళ్లు పాలిపోతాయి. ముక్కు నుంచి, మలంలో రక్తం పడుతుంది. ఒక్కోసారి బయటికి చుక్క కూడా కనిపించకుండా ఛాతీలోనే కారిపోతుంది. కానీ మూడింటిలో ఆశ ఎక్కువ ఉన్నది దీనికే. విటమిన్ కె1 దీనికి విరుగుడు. ఒక సూదితో సరిపోదు, 3 నుంచి 4 వారాలు వాడాలి. మందుల షాపులో కె1 లేదని కె3 ఇస్తే పనిచేయదు.

వంటింట్లో ఉన్నవీ తక్కువేం కాదు

ఉల్లి, వెల్లుల్లి పచ్చివైనా కూరలో ఉడికినవైనా కుక్క ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. 10 కిలోల కుక్కకు 150 గ్రాముల ఉల్లి సరిపోతుంది. నీరసం, ముదురు రంగు మూత్రం కొన్ని రోజులకు గానీ బయటపడవు. అదే బరువున్న కుక్కకు మిల్క్ చాక్లెట్ 100 గ్రాముల దగ్గర, డార్క్ చాక్లెట్ అయితే 40 గ్రాముల దగ్గరే లక్షణాలు మొదలవుతాయి. షుగర్‌లెస్ చూయింగ్ గమ్‌లో ఉండే జైలిటాల్ అరగంటలో షుగర్ పడగొట్టేస్తుంది.

జ్వరమొచ్చిందని డోలో లాంటి పారాసెటమాల్, కుంటుతోందని డైక్లోఫెనాక్ వేసేవాళ్లూ ఉన్నారు. ఇది కుక్క తనంతట తాను తిన్నది కాదు, ప్రేమతో మనమే పెట్టింది! డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కడుపులో పుండ్లు చేసి కిడ్నీలను దెబ్బతీస్తాయి.

పెరట్లో గన్నేరు ఆకు, కాయ ఏది నమిలినా గుండె లయ తప్పుతుంది. మొక్కలకు వేసే ఆముదం చెక్క ఇంకా ప్రమాదం. కుక్కకు దాని వాసన తినే వస్తువులానే ఉంటుంది, లోపల ఉండేది రిసిన్ అనే విషం.

మరి సీజన్‌లో మామిడి? పండు విషం కాదు. టెంకతోనే తంటా. కుక్క టెంకను గుటుక్కున మింగితే పేగులో ఇరుక్కుంటుంది. తిండి మానేయడం, ఆగకుండా వాంతులు, మలం రాకపోవడం కనిపిస్తే ఎక్స్‌రే లేదా స్కానింగ్, చాలాసార్లు ఆపరేషన్ తప్పవు. టెంక మింగిన కుక్కకు వాంతి చేయించబోతే అది గొంతులో అడ్డం పడే ప్రమాదం ఉంది.

ఎక్కడికి తీసుకెళ్లాలి?

‘అక్కడ గేదెలకే చూస్తారు’ అని మండల పశువైద్యశాలను వదిలేసి నేరుగా విజయవాడ బయల్దేరతారు చాలామంది. ఇది పొరపాటు. గేదె పురుగుల మందు కొట్టిన గడ్డి తిన్నప్పుడు వేసే అట్రోపినే కుక్కకూ వేసేది. కాబట్టి ముందు దగ్గర్లోని డాక్టర్‌కు ఫోన్ చేసి అట్రోపిన్ ఉందా, సెలైన్ పెడతారా అని అడగాలి. ఉంటే మొదటి సూది అక్కడే వేయించి తర్వాత పెద్దాస్పత్రికి వెళ్లొచ్చు. సంచార పశువైద్య వాహనం కోసం 1962కు ఫోన్ చేయొచ్చు. రక్త పరీక్షలు, ఆపరేషన్ అవసరమైతే ఈ ప్రాంతం వాళ్లకు ఉన్న దారుల్లో ఒకటి గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల. నూజివీడు మీదుగా వెళ్లినా గంటకు పైనే పడుతుంది, కాబట్టి బయల్దేరే ముందే ఫోన్‌లో మాట్లాడుకోవడం మేలు.

ఎవరో పెట్టారని అనుమానమా?

పొరుగునే ఉన్న లింగపాలెంలో 300కు పైగా వీధికుక్కలను విషంతో చంపారంటూ 2021 జులైలో పోలీసులకు ఫిర్యాదు అందింది. అప్పట్లో అది దేశవ్యాప్తంగా వార్తయింది. వీధికుక్కల కోసమని మాంసంలో మందు కలిపి పెడితే దాన్ని పెంపుడు కుక్కా తింటుంది, పిల్లీ తింటుంది. జంతువుకు విషం పెట్టి చంపడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 325 కింద నేరం, ఐదేళ్ల దాకా జైలు శిక్ష పడొచ్చు. అనుమానం ఉంటే మిగిలిన మాంసం ముక్కను ఫొటో తీసి, కవర్లో భద్రం చేసి పోలీసులకు ఇవ్వాలి. కుక్క చనిపోతే పూడ్చేయకముందే పశువైద్యుడితో పోస్ట్‌మార్టం చేయించాలి. రిపోర్టు లేకపోతే కేసు నిలబడటం కష్టం.

చికిత్స అయ్యి ఇంటికొచ్చాక వారం రోజులు రోజుకు రెండుసార్లు పెదవి పైకెత్తి చిగుళ్లు చూడాలి. గులాబీ రంగులో ఉంటే ఫర్వాలేదు. తెల్లగా ఉన్నా, పసుపు తిరిగినా, మూత్రం తగ్గినా ఆ రాత్రే మళ్లీ డాక్టర్‌కు ఫోన్ చేయాలి.