పాత అంబాసిడర్ ట్యాపెట్లు ఇంటి దగ్గరే సరి చేసుకునే పద్ధతి



ఈసారి పురుగు గురించి, ఆకు గురించి కాదు. గూళ్ళు మోసే బండి గురించి రాస్తున్నాము. బళ్ళారి చుట్టుపక్కల, ఇటు సిరుగుప్ప, అటు రాయదుర్గం దిక్కు మన తెలుగు ఊర్లలో పాత అంబాసిడర్లు ఇంకా కొన్ని తిరుగుతానే ఉన్నాయి. వెనక సీటు తీసేస్తే గూళ్ళ సంచులు ఒత్తుకోకుండా పడతాయి. మట్టి రోడ్డుకు పట్టీలు తట్టుకుంటాయి. అందుకే అమ్మబుద్ధి కాదు. కానీ ఆ ఇంజను తెలిసిన మేస్త్రీలు తగ్గిపోతున్నారు. హిందుస్తాన్ మోటార్స్ వాళ్ళు ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014 మే నెలలోనే తయారీ ఆపేసినారు. ఇంక కొత్త పిల్లోళ్ళు ఆ పని ఎందుకు నేర్చుకుంటారు? చిన్న పనులు మనమే నేర్చుకోవాల.

బండి ఆగడం అంటే మనకు జొన్న మూటలు ఆగినట్టు కాదు. గూటిలో ప్యూపా బతికే ఉంటాది, ఊపిరి తీసుకుంటాది, తేమ వదులుతాది. ఇక్కడి నుంచి ఉరవకొండ, అనంతపురం మీదుగా హిందూపురం మార్కెట్టుకు సుమారు 200 కిలోమీటర్లు. రామనగరం అయితే 300 పైనే. ఏప్రిల్ ఎండలో నడిదారిలో నాలుగు గంటలు నిలబడితే సంచుల్లో గూళ్ళు ఉక్కపోస్తాయి, ప్యూపా చచ్చి లోపల మరక పడతాది. ఆ మరక గూళ్ళకు రీలరు ఏ ధర పాడతాడో మీకు చెప్పే పని లేదు. దారిలో ఇంజను మొరాయించడానికి ఉన్న కారణాల్లో ఒకటి, మనం ఇంట్లోనే ఆపగలిగింది, ట్యాపెట్ల సందు.

అంబాసిడర్ పాత పెట్రోల్ ఇంజను 1489 సీసీ. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ బండి వంశం. దీంట్లో క్యామ్ షాఫ్ట్ కింద బ్లాకులో ఉంటాది. క్యామ్ తిరిగితే పుష్ రాడ్ పైకి లేస్తాది, అది రాకర్‌ను తడుతాది, రాకర్ ఇంకో కొస వాల్వును కిందికి నొక్కుతాది. వాల్వు మూసుకున్నప్పుడు రాకర్ కొసకూ వాల్వు తలకూ మధ్య కొంచెం సందు ఉండాల. ఇంజను వేడెక్కితే ఇనుము సాగుతాది కదా, ఆ సాగుడుకు చోటు ఇది. ఈ ఇంజనుకు ఆ సందు 15 థౌ, అంటే 0.38 మిల్లీమీటర్లు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. మన గూటి నుంచి వచ్చే ఒంటి పోగు మందం సుమారు ఒక థౌకు అటూ ఇటూ ఉంటాది. అట్లాంటి పోగులు పదిహేను పక్కపక్కన పెట్టినంత సందు అనుకోండి. డీజిల్ అంబాసిడర్‌కు, తర్వాత వచ్చిన ఇసుజు ఇంజను బండికి ఈ కొలత పెట్టొద్దు. ఆ బండి పుస్తకంలో ఉన్నదే పెట్టాల.

ఇప్పుడు అసలు మాట. చాలామంది ట్యాపెట్ సద్దు వస్తే బండి చెడిపోయిందని, సద్దు పోతే బాగయిందని అనుకుంటారు. కొందరు మేస్త్రీలు కూడా ఓనరును సంతోషపెట్టడానికి స్క్రూ బిగించి సద్దు మాయం చేసి పంపుతారు. ఇది ఉల్టా. సందు ఎక్కువైతే టకటకమంటాది, వాల్వు కొంచెం తక్కువగా తెరుచుకుంటాది, పికప్ కాస్త తగ్గుతాది, రాకర్ అరుగుతాది. నష్టమే, కానీ మెల్లగా జరిగే నష్టం. సందు లేకపోతే మాత్రం ఏ సద్దూ రాదు, వాల్వు పూర్తిగా మూసుకోదు. ఎగ్జాస్ట్ వాల్వు ఎర్రగా కాలే వేడిలో పని చేస్తాది. మూసుకుని సీటును తాకినప్పుడే ఆ వేడి హెడ్డులోకి దిగిపోతాది. తాకకపోతే వేడి దిగదు, మండే గ్యాసు ఆ సన్న సందులోంచి చిమ్ముతాది, వాల్వు అంచు తునకలు తునకలుగా కాలిపోతాది. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగేటప్పుడు ఒక్కో వాల్వు 1500 సార్లు తెరుచుకుంటాది. హిందూపురం చేరే లోపల ఎన్నిసార్లో లెక్క వేసుకోండి. అందుకే సద్దు చేసే ట్యాపెట్ కంటే సద్దు చేయని ట్యాపెట్టుకు మేము ఎక్కువ భయపడతాము.

ఇంకో సంగతి. మన దేశంలో 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసం కలిపిన పెట్రోలు లేదు. గాలికి, ఒంటికి అది మంచిదే. కానీ పాత హెడ్డుల్లో వాల్వు సీటు విడిగా గట్టి రింగు కాదు, పోత ఇనుములోనే కోసిందే. సీసం ఉన్నప్పుడు అది సీటు మీద పలచని పొరలాగా ఉండి కాపాడేది. ఇప్పుడు ఆ పొర లేదు కాబట్టి, బండిని బరువుతో జోరుగా తోలితే ఎగ్జాస్ట్ సీటు మెల్లమెల్లగా దిగిపోతాది. సీటు దిగితే వాల్వు పైకి వస్తాది, సందు తగ్గిపోతాది. గ్యాసు కిట్టు పెట్టిన బండ్లలో కూడా ఇదే కథ. అంటే మీరు చేయి పెట్టకపోయినా సందు తనంతట తనే మూసుకుపోవచ్చు. మేము 10,000 కిలోమీటర్లకు ఒకసారి చూసుకుంటాము, గ్యాసు బండి అయితే 5,000కే.

పని పొద్దున్నే, ఇంజను రాత్రంతా చల్లారిన తర్వాత మొదలుపెట్టాల. ఫీలర్ గేజి, రాకర్ నట్టుకు సరిగ్గా పట్టే రింగు స్పానర్, వెడల్పు స్క్రూ డ్రైవర్, శుభ్రమైన గుడ్డ, రాకర్ కవరుకు కొత్త కార్కు ప్యాకింగు ఉంటే చాలు. బ్యాటరీ టెర్మినల్ తీసేయండి. ప్లగ్గు వైర్లకు నంబర్లు రాసి పెట్టుకుని నాలుగు ప్లగ్గులూ విప్పండి, అప్పుడు ఇంజను తేలిగ్గా తిరుగుతాది. కవరు మీద రెండు నట్లు ఉంటాయి, అవి తీసి కవరు పైకెత్తితే ఎనిమిది రాకర్లు వరసగా కనిపిస్తాయి. రేడియేటర్ దిక్కు నుంచి 1, 2, 3 అని 8 దాకా లెక్క పెట్టుకోండి. 1, 4, 5, 8 ఎగ్జాస్ట్. మిగతావి ఇన్లెట్. పుష్ రాడ్ల బొక్కల్లో నట్టో వాషరో పడితే పని పెద్దదవుతాది, గుడ్డ కప్పి పెట్టుకోండి.

ఇంజను తిప్పడానికి ముందు హ్యాండిల్ ఉంటే అదే మేలు. లేకపోతే టాప్ గేరులో వేసి ఒక మనిషి బండిని మెల్లగా ముందుకు తోస్తే సరిపోతాది.

ఏ వాల్వు ఎప్పుడు చూడాలనేదానికి పాత మేస్త్రీల లెక్క ఒకటి ఉంది, తొమ్మిది లెక్క. 8వ వాల్వు పూర్తిగా కిందికి నొక్కుకుని ఉన్నప్పుడు 1వది చూడాల. రెండూ కలిపితే 9. అట్లే 6 నొక్కుకుంటే 3, 4 నొక్కుకుంటే 5, 7 నొక్కుకుంటే 2. తర్వాత 1 నొక్కుకుంటే 8, 3కు 6, 5కు 4, 2కు 7. ఇదే వరసలో పోతే హ్యాండిల్ వెనక్కి తిప్పే పని ఉండదు, రెండు చుట్లలో ఎనిమిదీ అయిపోతాయి. ఇది మంత్రం కాదు. ఒకటో సిలిండరు, నాలుగో సిలిండరు జంటగా పైకీ కిందికీ పోతాయి, కానీ వాటి పనికి మధ్య ఇంజను పూర్తి చుట్టు ఒకటి తేడా. రెండు, మూడు కూడా అంతే. కాబట్టి ఒక వాల్వును క్యామ్ మొన నొక్కుతున్నప్పుడు దాని జంట వాల్వు క్యామ్ వీపు మీద ఖాళీగా ఉంటాది. మారుతి 800కు మూడు సిలిండర్లే. ఈ లెక్క దానికి నడవదు.

15 థౌ ఆకు సందులో పెట్టి లాగితే కొంచెం పట్టినట్టు రావాల, ఇరుక్కోకూడదు. చేతి అంచనా మీద నమ్మకం లేకపోతే, 14 ఆకు సులువుగా పోవాల, 16 ఆకు పోకూడదు. ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. సరి చేయాలంటే లాక్ నట్టు వదులు చేసి, స్క్రూను తిప్పి, స్క్రూ కదలకుండా పట్టుకుని నట్టు బిగించండి. బిగించేటప్పుడు స్క్రూ ఎంతో కొంత తిరుగుతాది, అందుకే బిగించిన తర్వాత మళ్ళీ ఆకు పెట్టి చూడాల. ఎనిమిదీ అయినాక ఇంకో రౌండు చూడండి. పదిహేను నిమిషాల పని.

ఒకటి గమనించండి. పాత రాకర్ కొస గుంట పడి ఉంటాది. ఫీలర్ ఆకు ఆ గుంట మీద వంతెనలాగా నిలబడతాది, కొలత సరిగ్గా కనిపిస్తాది, అసలు సందు మాత్రం ఎక్కువ ఉంటాది. సరిగ్గా పెట్టినా సద్దు పోకపోతే ఇదే అనుమానం. అప్పుడు రాకర్ మార్చాల గానీ స్క్రూ ఇంకా బిగించకూడదు.

ఆ నూనె చేతులతో షెడ్డులోకి పోవద్దు. పెట్రోలు వాసన, ఇంజను నూనె పురుగుకు పడవు. సబ్బుతో బాగా కడుక్కుని, గుడ్డలు మార్చుకునే ఆకు ముట్టుకోవాల. పంట దింపి, షెడ్డు కడిగి, బ్లీచింగు కొట్టి మూసిపెట్టిన రోజులు ఈ పనికి మేలు. పొగ షెడ్డు దిక్కు పోకుండా బండిని గాలి వాలుకు నిలపండి.

కవరు నట్లు గట్టిగా బిగిస్తే ప్యాకింగు నలిగి నూనె కారుతాది, నయంగా బిగించండి. స్టార్ట్ చేసి వేడెక్కినాక సన్నగా, ఒకే తీరుగా చిటచిటమంటే అది మంచి సద్దు. సైలెన్సర్ కొస దగ్గర ఒక కాగితం పట్టి చూడండి. ఒకే లయలో బయటికే కొట్టాల. మధ్యమధ్యలో లోపలికి పీల్చుకున్నట్టు అయితే ఏదో ఒక వాల్వు సరిగ్గా మూసుకోవట్లేదు.

పంటల పుస్తకం చివరి పేజీలో ఎనిమిది గళ్ళు గీసి, సరి చేయకముందు ఏ వాల్వు సందు ఎంత ఉందో, మీటరు రీడింగుతో పాటు రాసిపెట్టుకోండి. మూడు సార్లు రాస్తే కథ తెలిసిపోతాది. ప్రతిసారీ 4 లేదా 5 మాత్రమే 15 నుంచి 9కి, 8కి దిగిపోతుంటే అక్కడ సీటు కూరుకుపోతోందని లెక్క. స్క్రూ తిప్పి ఎన్నాళ్ళో నెట్టుకు రాలేము. హెడ్డు విప్పి, లేతు షాపులో గట్టి సీటు రింగులు వేయించి, వాల్వులు గ్రైండింగు చేయించాల. హెడ్డు బిగించినాక ఈ ట్యాపెట్లన్నీ మళ్ళీ మొదటి నుంచి చూడాల. దానికి వారం పడతాది కాబట్టి, చాకీ పురుగు తెచ్చుకునే ముందే హెడ్డు లేతుకు పంపండి.