కొద్ది జననములు, మరణపు రేటు

వేయి సజీవ జననములకు ఏడాది నిండకముందే మరణించు శిశువుల సంఖ్యయే శిశుమరణపు రేటు. ఖమ్మం నుండి 2016లో విడివడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో, అడవి అంచున ఉన్న కొన్ని కొండరెడ్ల గూడెములలో కలిపి ఏటా 20 జననములు అనుకొందము. ఒక శిశువు మరణించిన రేటు 50, ఇద్దరైన 100, ఎవరును మరణింపకున్న సున్న. ఈ హెచ్చుతగ్గులు కేవలము యాదృచ్ఛికములు కావచ్చును.

ఐదేండ్ల లెక్క కలిపి చూడగా 100 జననములకు 4 మరణములు తేలిన రేటు 40. అయినను 95 శాతము విశ్వాసముతో అసలు రేటు సుమారు 11 నుండి 99 వరకు ఎక్కడైనను ఉండవచ్చును. అందుకే 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నివేదికలలో 25 మందికి తక్కువైన వర్గమునకు శాతము ప్రకటింపలేదు.

జిల్లా సగటులో కలిపివేసినచో గూడెముల స్థితి మరుగుపడును. కావున రేటుతోబాటు జననముల సంఖ్యను, రేటు మారగల అవధిని తెలుపవలెను. ప్రతి మరణమునకును కారణము విచారింపవలెను.