చట్టం వదిలేసినా చేతికందని సినిమాలు

తెలుగు సినిమా పుట్టిల్లు ఎక్కడంటే మద్రాసు, హైదరాబాదు అంటాం. ఆ వరసలో కోయంబత్తూరు పేరు వినపడదు. రైల్వేలో గుమాస్తాగా పనిచేసిన సామికన్ను విన్సెంట్ 1905లో డ్యూపాంట్ అనే ఫ్రెంచివాడి దగ్గర ప్రొజెక్టర్ కొని, ఊరూరా డేరా వేసి బొమ్మ ఆడించి, 1914లో కోయంబత్తూరులోనే వెరైటీ హాలు కట్టాడు. 1930ల్లో మిల్లుల డబ్బుతో సెంట్రల్ స్టూడియో లేచింది. 1945లో ఎస్.ఎం. శ్రీరాములు నాయుడు పక్షిరాజా స్టూడియో పెట్టాడు. నాయకరాజుల కాలం నుంచీ ఇంట్లో తెలుగు, బజారులో తమిళం మాట్లాడుతూ వచ్చిన కుటుంబాలున్న చోట ఒకే కథను రెండు భాషల్లో తీయడం వింతేమీ కాదు. అలా 1950లో నాగయ్యతో ‘బీదలపాట్లు’ వచ్చింది. 1954లో ‘మలైక్కళ్లన్’ కథ ఎన్టీఆర్, భానుమతులతో ‘అగ్గిరాముడు’ అయింది. అదే కథ హిందీలో ‘ఆజాద్’గా, ఇంకా మలయాళం, కన్నడం, సింహళంలో కూడా వెళ్లింది.

ఇంత తిరిగిన సినిమాలకు ఇప్పుడు దిక్కెవరు? ‘అగ్గిరాముడు’ వచ్చేనాటికి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి ఏడాది కావస్తోంది. భాషల వారీగా రాష్ట్రాలు విడిపోయాక సినిమా చరిత్రనూ భాషల వారీగానే రాసుకున్నాం. కోయంబత్తూరులో తీసిన తెలుగు సినిమా తమిళ చరిత్రకారుడికి ఒక అనువాద రూపం, మన చరిత్రకారుడికి పొరుగూరి సరుకు. పైగా మన కాపీరైటు చట్టం ప్రకారం సినిమా మీద హక్కు విడుదలైన ఏడాది ముగిశాక 60 ఏళ్లే ఉంటుంది. ఆ లెక్కన ‘బీదలపాట్లు’ 2010తో, ‘అగ్గిరాముడు’ 2014తో అందరి సొత్తయ్యాయి. పాటల, మాటల రచయితలకు జీవితకాలం మీద మరో 60 ఏళ్ల హక్కు ఉంటుంది కాబట్టి చిన్న చిక్కులు మిగులుతాయి, నిజమే. అసలు చిక్కు మాత్రం వేరు. హక్కు తీరిపోయినంత మాత్రాన ప్రింటు దాచుకున్నవాడు దాన్ని బయటపెట్టి తీరాలని ఏ చట్టమూ చెప్పదు. 2022లో జాతీయ చలనచిత్ర వారసత్వ పథకం కింద 2,200 సినిమాలను బాగుచేయడానికి 363 కోట్లు ప్రకటించారు. ఆ పద్దులో నా దృష్టికి ముఖ్యమైన ప్రశ్న ఎన్ని సినిమాలు స్కాన్ అవుతాయన్నది కాదు, స్కాన్ అయినవాటిలో ఎన్ని జనానికి కనిపిస్తాయన్నది. ప్రజల సొమ్ముతో డిజిటల్ చేసిన సినిమా, హక్కు గడువు దాటినదైతే, ఉచితంగా ప్రజల ముందుకు రావాలి. ఇదొక షరతుగా పెట్టాలి.

యూట్యూబ్‌లో అన్నీ దొరుకుతున్నాయి కదా అనేవాళ్లున్నారు. దొరికేవి చాలావరకు టీవీ కోసమో వీసీడీ కోసమో కోసిన కాపీలు. రీళ్లు ఎగిరిపోయి, మూలన ఎవరిదో ముద్రతో ఉంటాయి. వెతకబోతే 1950 నాటి ‘బీదలపాట్లు’ బదులు అదే పేరుతో 1972లో వచ్చిన నాగేశ్వరరావు సినిమా ఎదురవుతుంది. ఏ సంవత్సరం, ఎవరు తీశారు, ఏ ప్రింటు నుంచి తీసుకున్నారు అన్న వివరం లేని కాపీ చూసి మరిచిపోవడానికి తప్ప చదువుకోవడానికి పనికిరాదు. 2013లో మొదలైన ఇండియన్‌సినీ.మా వెబ్‌సైటు ఇందుకు మంచి నమూనా. హక్కు తీరిన సినిమాలను అక్కడ దృశ్యం దృశ్యంగా వ్యాఖ్యానాలు చేర్చుతూ చూడవచ్చు. ఇక అంత ఖర్చు ఎక్కడిదన్న అభ్యంతరానికి బలముంది, కానీ అందులో రెండు పనులు కలిసిపోతున్నాయి. గీతలు తుడిచి, చిరుగులు అతికి, రంగు సరిచేసే పునరుద్ధరణకు నెలలు పడతాయి, లక్షలు కావాలి. ఉన్నదాన్ని ఉన్నట్టు ఫ్రేము ఫ్రేముగా స్కాన్ చేయడం అంతకంటే చాలా తేలిక. పునరుద్ధరణకు నోచుకునేది ఏ పదో పాతికో పెద్ద సినిమాలే. మిగిలినవాటికి గీతలతోనే సరే, ముందు బతికి బయటపడటం అవసరం. ఎసిటేట్ ఫిల్ము వేడికీ తేమకూ పులిసిన వాసన వేసి కుంచించుకుపోతుంది, ఎవరి కోసమూ ఆగదు.

స్టూడియో నీడ లేని సినిమాల సంగతి ఇంకా కష్టం. కోయంబత్తూరు ఆవిష్కర్త జి.డి. నాయుడు స్వయంగా కెమెరా పట్టినవాడు. 1936లో లండన్‌లో ఐదో జార్జి అంత్యక్రియలను చిత్రించాడని ఆయన జీవిత కథల్లో ఉంది. అలాంటి సొంత చిత్రాలు సినిమా చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కవు. మదురైకి దక్షిణాన ఇడైసెవల్‌లో పుట్టిన తెలుగింటి తమిళ రచయిత కి. రాజనారాయణన్ ‘కిడై’ కథను 2003లో అంషన్ కుమార్ ‘ఒరుత్తి’గా తీశారు. దీనిపై హక్కు 2063 వరకూ నడుస్తుంది. ఇక్కడ నా షరతు చెల్లదు, చెల్లకూడదు కూడా. చేతి డబ్బు పెట్టి తీసినవాళ్ల కడుపు కొట్టి ఉచితంగా చూపించమనడం అన్యాయం. అయితే స్వతంత్ర చిత్రాలకు థియేటరు బేరం ఎప్పుడూ అంతంతమాత్రమే. వాటికి దక్కేది ఉత్సవాల్లో నాలుగు ప్రదర్శనలు. ప్రభుత్వ ఫిల్ము ఆర్కైవ్ తన ఖర్చుతో స్కాన్ చేసి, కాపీ దర్శకుడికీ ఇచ్చి, చూసినప్పుడల్లా కొంత రుసుము ఆయనకు చేరేలా ఒప్పందం రాసుకుంటే ఇద్దరికీ నష్టం లేదు. వీడియో టేపు మీద తీసిన డాక్యుమెంటరీలకు తొందర మరీ ఎక్కువ. ఇంటి వీసీఆర్‌ల తయారీ 2016లోనే ఆగిపోయింది, టేపు బాగున్నా ఆడించే యంత్రం దొరకడం కష్టమవుతోంది.

డిజిటల్ ఫైలూ చెడిపోతుంది కదా అన్నది మరో ప్రశ్న. చెడిపోతుంది. హార్డు డిస్కులు చెప్పాపెట్టకుండా చచ్చిపోతాయి. అందుకే స్కాన్ చేశాం కదా అని ఫిల్మును పారేయకూడదు, ఫైలును ఒక్కచోటే ఉంచకూడదు. పదిమంది దగ్గర కాపీలున్న సినిమా పోవడం కష్టం, కాబట్టి జనానికి ఇవ్వడమే ఒక రకం భద్రత కూడా. ఇక చూసేవాళ్లెవరన్న సందేహం. మదురై, కోయంబత్తూరు తెలుగువాళ్లలో చాలామందికి తెలుగు మాట వస్తుంది, లిపి రాదు. అచ్చు పుస్తకం వాళ్లను చేరదు, సినిమా చేరుతుంది. డిజిటల్ కాపీకి తమిళ లిపిలో తెలుగు మాటలే ఉపశీర్షికలుగా వేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఆ పని మొదలుపెడితే ‘బీదలపాట్లు’తోనే మొదలుపెట్టవచ్చు. పాటల, మాటల చిక్కులు పక్కన పెడితే, సినిమా హక్కు కోసం ఎవరి అనుమతీ అడగక్కర్లేదు, ప్రింటు ఉన్నవారు తలుపు తీస్తే చాలు.