గాలి లెక్క తప్పిన బండి

సెయింట్ ల్యూక్స్ రోడ్డు నుంచి నార్త్‌వెస్టర్న్ మోటార్‌వే ఎక్కే ర్యాంపు మీద రద్దీ వేళల్లో సిగ్నల్ పనిచేస్తుంది. పచ్చ దీపం వెలిగినప్పుడల్లా లైనుకో బండి. అక్కడ ఆగి బయల్దేరిన బండి, మిగిలిన కాస్త దూరంలోనే మోటార్‌వే వేగాన్ని అందుకోవాలి. మొన్న మార్చిలో ఒక సోమవారం మా బండి అందుకోలేదు. కాలు మొత్తం తొక్కినా మోతే తప్ప పరుగు లేదు. వెనక లారీ హారన్ కొట్టి, ఆఖరి క్షణంలో పక్క లైనులోకి తప్పుకుంది. అప్పుడు బండిలో ఉన్నది మా ఆవిడా, పాపా. సాయంత్రం తాళాలు నా చేతిలో పెట్టి, "బాగు చేయిస్తారో, అమ్మేస్తారో తేల్చండి" అంది.

అది జపాన్‌లో ఎనిమిదేళ్లు తిరిగి ఇక్కడికి వచ్చిన 2008 నాటి ఏడు సీట్ల బండి. స్టార్ట్ చేయగానే ఒకావిడ జపనీస్‌లో పలకరిస్తుంది. రేడియో అక్కడి బ్యాండుకే కట్టుబడి, ఇక్కడి స్టేషన్లు సగం పట్టదు. న్యూజిలాండ్‌లో చాలామంది మనవాళ్ల గుమ్మం ముందు ఇలాంటిదొకటి ఉంటుంది. నెల క్రితమే డబ్ల్యువోఎఫ్ పాసైంది కదా అనుకున్నాను. కానీ ఆ తనిఖీలో చూసేది బ్రేకులు, టైర్లు, లైట్లు, తుప్పు లాంటివి. పికప్ సంగతి వాళ్లకు అక్కర్లేదు. ఇంజన్ లైటూ వెలగలేదు. దగ్గర్లోని మెకానిక్ పది నిమిషాలు చూసి, సైలెన్సర్‌లో కన్వర్టర్ మూసుకుపోయింది, మారిస్తే 1,800 డాలర్లన్నాడు.

ఆ వారం నాన్న ఇక్కడే ఉన్నారు. ముప్పై అయిదేళ్లు విజయవాడ ఆటోనగర్‌లో అంబాసిడర్లు, జీపులు విప్పి బిగించిన మనిషి. మౌంట్ ఆల్బర్ట్‌లో ఆయనకు పొద్దున నడక, మధ్యాహ్నం కిటికీ. "ఆయన బండి నడిపి చూశాడా?" అని అడిగారు.

"లేదు నాన్నా."

"మరి ఎట్లా చెప్పాడ్రా?"

మర్నాడు నన్ను డ్రైవింగ్ సీట్లో కూర్చోబెట్టి ఊరంతా తిప్పించారు. ఇంటికొచ్చాక నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి వేడి చూశారు. బ్రేకు పట్టేసి ఉంటే ఆ చక్రం ఒక్కటే కాలుతుందట. ఏదీ కాలలేదు. న్యూట్రల్‌లో పెట్టి తోస్తే బండి సాఫీగా కదిలింది. "చక్రాల్లో లేదు. ఇక గాలి, పెట్రోలు, నిప్పురవ్వ. మూడిట్లో ఏదో ఒకటి" అన్నారు. ఎయిర్ ఫిల్టర్ తీస్తే నల్లగా ఉంది, దాని అడుగున పొహుటుకావా పూల ఎర్ర పోగులు. కొత్తది వేశాం. కొంచెం తేడా, అంతే.

ఇంజన్ ఏ సిలిండర్లోనూ తడబడటం లేదని చెవితోనే తేల్చి, నిప్పురవ్వని పక్కన పెట్టారు. అప్పుడు నా వంతు. డాష్‌బోర్డు కింద పెట్టే బ్లూటూత్ రీడర్ కొన్నాను. పాత జపాన్ బండ్లు కొన్ని వీటితో మాట్లాడవు, అదృష్టం కొద్దీ మాది మాట్లాడింది. ఫోన్లో ఫ్యూయెల్ ట్రిమ్ అని ఒక అంకె. లెక్క ప్రకారం పోయాల్సిన పెట్రోలుకి కంప్యూటర్ ఎంత కలుపుతోందో, ఎంత తగ్గిస్తోందో అది చెబుతుంది. సున్నాకి దగ్గరుంటే మంచిది. నిలబడి ఉన్నప్పుడు ప్లస్ 5. ఎత్తెక్కేటప్పుడు ప్లస్ 22.

నాన్నకు ఇది అర్థమయ్యేలా చెప్పడమెలాగా అని తంటాలు పడుతుంటే ఆయనే అందుకున్నారు. "కార్బురేటర్ బండి లాక్కపోతే చోక్ కొంచెం లాగి చూసేవాళ్లం. అప్పుడు పరిగెత్తితే పెట్రోలు చాలట్లేదని అర్థం. అంటే ఇక్కడ కంప్యూటరే చోక్ లాగుతోందన్నమాట." ఇరవై ఏళ్లుగా సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. ఇంత శుభ్రంగా నేను చెప్పలేకపోయేవాడిని.

అక్కడే కన్వర్టర్ మాట తేలిపోయింది. సైలెన్సర్ మూసుకుపోతే ఇంజన్ గాలి తక్కువ పీలుస్తుంది, నిజమే. కానీ పీల్చిన కొద్ది గాలికి తగ్గ పెట్రోలే పడుతుంది గనక లెక్క ఇంతగా తప్పదు. ఏ గొట్టమో చీలి దొంగగాలి దూరుతుంటే నిలబడి ఉన్నప్పుడే అంకె ఎక్కువ చూపించాలి, మాది తిరగబడి ఉంది. మిగిలినవి రెండు. పంపు నీరసించి ఉండాలి, లేదా గాలిని కొలిచే సెన్సర్ తప్పు చెబుతూ ఉండాలి. నాన్న పంపు అన్నారు. నేను ర్యాంపు మీద పూర్తిగా తొక్కించి గాలి అంకె చూశాను. రెండు లీటర్ల ఇంజన్, 4,500 చుట్ల దగ్గర సెకనుకు 60 గ్రాములు దాటాలి. 46 దగ్గర ఆగిపోయింది. పంపు దోషమైతే గాలి అంకె ఇంతలా పడిపోదు.

సెన్సర్‌కు రెండు స్క్రూలు. లోపల వెంట్రుకంత తీగ. దాని మీద సన్నటి మట్టి పొర. దీన్ని వేలితో గానీ గుడ్డతో గానీ ముట్టుకోకూడదు, బ్రేక్ క్లీనర్ కొట్టకూడదు. దీనికోసమే అమ్మే స్ప్రే ఒకటి ఉంది, ఇరవై డాలర్ల చిల్లర. పది పన్నెండు సార్లు కొట్టి, గంటసేపు ఆరబెట్టి బిగించాను. పాత లెక్కలు చెరిగిపోవాలని బ్యాటరీ వైరు కాసేపు తీస్తారు. నేను రీడర్‌తోనే చెరిపాను. వైరు తీస్తే కొన్ని జపాన్ స్టీరియోలు కోడ్ అడిగి మొరాయిస్తాయి, ఆ తలనొప్పి నాకెందుకని.

ఆదివారం అందరం హామిల్టన్ దారిలో బాంబే హిల్స్ ఎక్కాం. ఆ పేరు చూసి నాన్న ముచ్చటపడ్డారు. వలసదారుల్ని తెచ్చిన బాంబే అనే ఓడ పేరు అది. ఎత్తులో ట్రిమ్ ప్లస్ 4, గాలి 62. వెనక సీట్లో మా ఆవిడ ఏమీ అనలేదు, సోమవారం ఉదయం మాత్రం తాళాలు అడిగి తీసుకుంది.

నిలబడినప్పుడు ఆ ప్లస్ 5 ఇంకా పోలేదు. నాన్న జూన్‌లో వెళ్లిపోయారు. వాట్సాప్‌లో వీడియో కాల్ చేసినప్పుడల్లా పాప చదువు కంటే ముందు అదే అడుగుతారు. "ఏదో సన్న గొట్టం ఉంటుందిరా, సబ్బు నురగ పెట్టి వెతుకు" అని.