నుదుటి వెనక కంట్రోల్ టవర్

శంషాబాద్ ఎయిర్‌పోర్టు కంట్రోల్ టవర్ ఎత్తు 75 మీటర్లని మీకు తెలుసా? మీ సొంత టవర్ ఇంకా దగ్గర. నుదురు తడిమి చూసుకోండి, ఆ ఎముక వెనకే ఉంది ప్రీఫ్రంటల్ కార్టెక్స్. ఏది చెయ్యాలి, ఏది మానాలి, నిన్నటి దెబ్బ నుంచి ఏం నేర్వాలి... వీటన్నిటిలో పెద్దపీట దానిదే. తలరాత సంగతి బ్రహ్మకెరుక, నిర్ణయాల రాత మాత్రం అక్కడే!

మెదడు మన ఒంటి బరువులో 2 శాతమే. తినే శక్తి మాత్రం 20 శాతం! ఇంట్లో ఇలాంటివాళ్లు ఒకరుంటే ఊరుకుంటామా?

ఓటు హక్కు 18 ఏళ్లకే వస్తుంది. మరి నుదుటి వెనక భాగం పూర్తిగా తయారయ్యేదెప్పుడో మీకు తెలుసా? పాతికేళ్ల ప్రాంతంలో! డిగ్రీ చేతికొచ్చినా లోపల ఇంకా పనులు జరుగుతూనే ఉంటాయన్నమాట.

నిర్ణయాలకు గడువు కూడా ఉంటుంది, రన్‌వే మీద చూడండి. శంషాబాద్ పెద్ద రన్‌వే పొడవు 4,260 మీటర్లు. దాని మీద పరుగు తీసే ప్రతి విమానానికీ ‘వీ-వన్’ అనే వేగం ముందే లెక్కగట్టి ఉంటుంది. అందాకా ఆపే వీలుంది కాబట్టి కెప్టెన్ చెయ్యి ఇంజిన్ శక్తిని పెంచే, తగ్గించే థ్రస్ట్ లీవర్ల మీదే. ‘వీ-వన్’ మాట వినపడగానే చెయ్యి తీసేస్తారు! ఇక ఒక ఇంజిన్ ఆగినా ఎగరాల్సిందే. తీరిగ్గా ఆలోచించే వ్యవధి లేనిచోట, నిర్ణయం నేల మీద ఉండగానే అయిపోతుంది. చెయ్యి వెనక్కి తీసుకోవడమూ ఒక విద్యే!

పేకాటలో మనసు కన్నా ముందు అరచెయ్యికి నిజం తెలుస్తుందని మీకు తెలుసా? అమెరికాలోని అయోవాలో మెదడు శాస్త్రవేత్త ఆంటోనియో డమాసియో బృందం నాలుగు కట్టలు పెట్టి ఆడించింది. రెండు కట్టలు లాభం చూపించి ముంచేవి. పదో ముక్క ప్రాంతానికే మామూలు మనుషుల అరచేతులు చెడ్డ కట్ట దగ్గర చెమర్చాయి. ‘ఎందుకో తేడాగా ఉంది’ అని మనసుకు తట్టింది యాభయ్యో ముక్క దగ్గర! ప్రీఫ్రంటల్ దెబ్బతిన్నవాళ్లకు ఆ చెమటే లేదు. వాళ్లలో కొందరు ఏది చెడ్డ కట్టో చెప్పగలిగి కూడా దాన్నే తీశారు. తెలిసీ నేర్వలేకపోవడం అంటే ఇదే!

డమాసియో చూసిన ఇంకో మనిషి కథ మరీ విడ్డూరం. నుదుటి వెనక దెబ్బతిన్న ఆయన, మంచు గడ్డకట్టిన రోడ్డు మీద ఏమాత్రం బెదరకుండా కారు నడుపుకుంటూ వచ్చాడు. ఆ మర్నాడు ‘మళ్లీ ఏ తేదీన వస్తారు?’ అని రెండు తేదీలిస్తే, అరగంట సేపు లాభనష్టాలు బేరీజు వేస్తూనే ఉన్నాడు! చెకిన్ కౌంటర్ దగ్గర 23 కిలోలు దాటిన సూట్‌కేసు నేల మీద విప్పి, ఆవకాయ సీసా తియ్యాలా, సున్నుండల డబ్బా తియ్యాలా అని ఇలాగే అరగంట కూర్చుంటే? విమానం డల్లాస్ చేరుతుంది, మనం శంషాబాద్‌లోనే ఉంటాం!

1848 సెప్టెంబరు 13న అమెరికాలో రైలుమార్గం పనిలో ఉన్న ఫినియాస్ గేజ్ తలలోంచి, నుదుటి వెనక భాగాన్ని చీల్చుకుంటూ, మీటరుకు పైగా పొడవు, 6 కిలోల బరువున్న ఇనుప కడ్డీ దూసుకుపోయింది. చనిపోయాడనుకున్నారా? దాదాపు 12 ఏళ్లు బతికాడు! స్వభావం మారిందని స్నేహితులు వాపోయారు గానీ, తర్వాత చిలీ వెళ్లి గుర్రబ్బండి నడిపే ఉద్యోగం చేశాడు. ఆయన పుర్రె, ఆ కడ్డీ హార్వర్డ్ మ్యూజియంలో నేటికీ పక్కపక్కనే!

ఇప్పుడు మన హైదరాబాద్ గొప్ప. పంజాగుట్ట నిమ్స్‌లో డాక్టర్ అల్లాడి సువర్ణ బృందం డిమెన్షియా వచ్చిన 648 మందిని పరిశీలించి 2013లో ప్రకటించిన ఫలితం మీకు తెలుసా? రెండు భాషలు మాట్లాడేవాళ్లకు ఆ జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది! నుదుటి వెనక, కణతల పక్క భాగాలను పట్టుకునే ఫ్రంటోటెంపోరల్ రకంలోనైతే తేడా సుమారు ఆరేళ్లు. చదువు వల్లేమో అంటారా? చదువురానివాళ్లలోనూ తేడా కనిపించింది! ఒక భాషను ఆపి ఇంకో భాషలోకి మారే పని నుదుటి వెనక భాగానికి రోజూ కసరత్తని పరిశోధకుల ఊహ. ఆటోవాలాతో దక్కనీలో బేరమాడి, ఇంటికి ఫోన్ చేసి తెలుగులో చెప్పే ప్రతి శంషాబాద్‌వాసికీ ఈ కసరత్తు ఉచితం. మూడో భాషకు అదనపు లాభం మాత్రం కనిపించలేదు. రెండున్నా ఫుల్ మార్కులే!

చివరి ప్రశ్న. టవర్‌కూ విశ్రాంతి కావాలి కదా, 17 గంటలు నిద్ర లేకపోతే ఏమవుతుందో తెలుసా? 1997లో అచ్చయిన ప్రయోగం ప్రకారం పనితీరు రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నంతగా పడిపోతుంది. మన దేశంలో డ్రైవింగ్ పరిమితి 0.03 శాతమే! పొద్దున్నే లేచి, అర్ధరాత్రి అమెరికా విమానానికి కొడుకును సాగనంపి ఔటర్ రింగు రోడ్డెక్కే నాన్నలూ, దయచేసి తాళంచెవి నిద్రపోయి వచ్చినవాళ్ల చేతికివ్వండి.