మీకు తెలుసా? కొండపల్లి బొమ్మ పుట్టిన అడవి

విజయవాడకు వాయవ్యాన, ఎన్టీఆర్ జిల్లాలో ఉన్న కొండపల్లి రిజర్వు అడవి, అంటే ప్రభుత్వం హద్దులు నిర్ణయించి చట్టరీత్యా కాపాడే అడవి, సుమారు 30,000 ఎకరాల్లో విస్తరించి, చిరుతలకూ నక్కలకూ అడవి పందులకూ ఆశ్రయమిస్తూ, వరిచేల కృష్ణా డెల్టా అంచున అరుదైన సంపదగా మిగిలింది. కార్తీక మాసంలో ఉసిరి చెట్టును పూజించి దాని నీడన కుటుంబమంతా కలిసి భుజించే వనభోజనాల సంప్రదాయం తెలుగువారిని ఇలాంటి అడవుల చెంతకే చేరుస్తుంది. మూలపాడు వద్ద సీతాకోకచిలుకల పార్కు కూడా ఈ అడవిలోనిదే.

అయితే ఇక్కడి చెట్లలో అసలు ప్రఖ్యాతి తెల్లపొణికిదే. ఆముదం కుటుంబానికి చెందిన ఈ చెట్టు కలప మెత్తగా, ఎంతో తేలికగా ఉండడం వల్ల కొండపల్లి బొమ్మల కళాకారులు దానిని సన్నని సెగపై ఆరబెట్టి, తేమ పోగొట్టి, విడివిడిగా చెక్కిన భాగాలను మక్కుతో, అంటే చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికించి, సంక్రాంతి కొలువుల్లో కనిపించే దశావతారాలనూ అంబారీ ఏనుగులనూ రూపొందిస్తారు. నేడు ఈ కలప దొరకడమే కష్టమైంది. కనుక ఈ చెట్లను కాపాడుకునేందుకు, వనభోజనాలకు అడవికి వెళ్ళే కుటుంబాలు పొయ్యి నిప్పును పూర్తిగా ఆర్పి, ప్లాస్టిక్‌ను అక్కడ వదలకుండా తిరిగి తీసుకురావాలి. తెల్లపొణికి మొక్క కనిపిస్తే పిల్లలకు దాని పేరు చెప్పాలి.